ఓటమికి లొంగని జట్టు

ఇటలీ దేశము నడుమ, ఏడ్రియాటిక్ సముద్రతీరమునకు కొలది దూరమున, టిటానో అను కొండ యొకటి కలదు. దాని మూడు శిఖరములమీద మూడు రాతి బురుజులు నిలిచియున్నవి. ఈ కొండయు, దాని చుట్టునున్న ఊళ్లును కలసి సాన్ మారినో అను స్వతంత్ర దేశ మైనవి. నాలుగు వైపులను ఇటలీయే దానిని చుట్టుకొనియున్నది. దాని వైశాల్యము 61 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఉదయమున బయలుదేరి నడచిన మనుష్యుడు ప్రొద్దు వాలకముందే ఆ దేశమును ఒక కొననుండి మఱియొక కొనకు దాటిపోగలడు. అందలి జనసంఖ్య సుమారు 34 వేలు. పెద్ద దేశములలో ఒక్క ఫుట్‌బాలు మైదానమునందే ఇంతకు రెట్టింపు ప్రేక్షకులు కూర్చుండుట కలదు.

దేశము చిన్నదైనను దాని చరిత్ర మిక్కిలి పురాతనమైనది. మారినస్ అను రాళ్లు చెక్కు పనివాడు క్రీస్తుశకము 301వ సంవత్సరమున సముద్రపు ఆవలి యొడ్డునుండి వచ్చి ఈ కొండమీద నివాస మేర్పరచుకొనెననియు, అతనిచుట్టు చేరినవారే తమకు మూలపురుషులనియు అచ్చటి ప్రజలు చెప్పుకొందురు. ఆరు నెలల కొకసారి ఇద్దరు పాలకులను ఎన్నుకొను ఆచారము 1243వ సంవత్సరమునుండి అచ్చట నడచుచున్నది. 1797లో నెపోలియన్ తన సేనలతో ఇటలీలో నున్నప్పుడు, సాన్ మారినోకు మఱికొంత భూమిని ఇప్పించెదనని కబురు పంపెను. ఆ దేశపు పెద్దలు అతనికి కృతజ్ఞత తెలిపి, తమకున్నది తమకు చాలునని ఆ భూమిని వలదనిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ చిన్న దేశమే సుమారు లక్షమంది కాందిశీకులకు ఆశ్రయ మిచ్చెను. తన పరిమితి తానెరిగి, దానియందే గౌరవముగా నిలుచుట ఆ ప్రజలకు తరతరాలుగా అలవడిన గుణము. వారి ఫుట్‌బాలు జట్టు కథలోను ఆ గుణమే కానవచ్చుచున్నది.

ఇటలీ ప్రజలకు ఫుట్‌బాలు ప్రాణము. ఆ దేశము నడుమనున్న సాన్ మారినో బాలురకును నడక నేర్చిన నాటినుండియే బంతితోడిదే లోకము. 1931లోనే అచ్చట ఫుట్‌బాలు సమాఖ్య ఏర్పడెను. అయినను చాలకాలమువరకు ఆ దేశమునకు తన పేరుతో ఇతర దేశములతో తలపడు జట్టు లేకుండెను. మంచి ఆటగాండ్రు పుట్టినచో వారు ఇటలీలోని క్లబ్బులలో చేరి ఆడుచుండిరి. అట్టివారిలో మాస్సిమో బొనీని అనునతడు ప్రసిద్ధుడు. అతడు యువెంటస్ అను గొప్ప క్లబ్బునకు ఆడి, 1985లో ఐరోపా కప్పు గెలిచిన జట్టులో నుండెను. ఇటలీ పౌరుడైనచో ఇటలీ జాతీయ జట్టునకు ఆడు అవకాశ మతనికి దొరకియుండెడిది. కాని అందుకై తన దేశపు పౌరసత్వమును వదలుకొనుట కతడు సమ్మతింపలేదు. అప్పటికి అతని దేశమునకు గుర్తింపు పొందిన జట్టైనను లేదు.

1986లో సాన్ మారినో జట్టు కెనడా ఒలింపిక్ జట్టుతో ఒక మ్యాచి ఆడి, ఒక్క గోలు తేడాతో ఓడిపోయెను. అది అధికారికమైన ఆట కాదు. 1988లో ఐరోపా సమాఖ్యయు, ప్రపంచ సమాఖ్యయు సాన్ మారినోను సభ్యదేశముగా చేర్చుకొనెను. సభ్యత్వము కలిగిన ప్రతి దేశమునకును, పెద్దదైనను చిన్నదైనను, ప్రపంచ కప్పునకును ఐరోపా కప్పునకును జరుగు అర్హత పోటీలలో పాల్గొను హక్కు కలదు. చీట్లు తీసి దేశములను అయిదారు చొప్పున విభాగములుగా పంచెదరు. ఒక్కొక్క విభాగమునందలి ప్రతి జట్టును మిగిలిన ప్రతి జట్టుతోను రెండు మారులు ఆడవలెను. ఒకటి స్వదేశమున, రెండవది పరదేశమున. ఈ విధముగా 34 వేలమంది గల దేశము కోట్లమంది గల దేశములతో ఒకే మైదానమున నిలువవలసి వచ్చెను.

1990 నవంబరు 14వ తేదీన సాన్ మారినో తన మొట్టమొదటి అధికారిక మ్యాచి ఆడెను. ప్రత్యర్థి స్విట్జర్లండు. ఆట జరిగినది సెర్రావాల్లె అను ఊరిలోని సాన్ మారినో మైదానముననే. అప్పటికి ముప్పదియొక్క యేండ్లు నిండిన బొనీని తన దేశపు చొక్కా ధరించి ఆడు భాగ్యమునకు నోచుకొనెను. స్విట్జర్లండు 4 గోలులు చేసెను. సాన్ మారినో ఒక్కటియు చేయలేకపోయెను. ఆ అర్హత పోటీలలో ఎనిమిది మ్యాచ్‌లాడి ఎనిమిదింటను ఓడిపోయెను. 33 గోలులు పొందినది, చేసినది ఒక్కటే. ఆ ఒక్క గోలును 1991లో రుమేనియాపై పెనాల్టీ ద్వారా వాల్దెస్ పాసొలీని చేసెను.

ఆ జట్టులోని వారందరును ఫుట్‌బాలే వృత్తిగా గలవారు కారు. ఇటలీలోని క్లబ్బులలో జీతమునకాడువారు ఎన్నడును కొలదిమందియే. మిగిలినవారు విద్యార్థులు, బ్యాంకు గుమాస్తాలు, దుకాణములలోను కర్మాగారములలోను పనిచేయువారు. పగలంతయు తమ పని చూచుకొని, సాయంకాలము దీపముల వెలుతురున సాధన చేయుదురు. పరదేశమున మ్యాచి యున్నచో కార్యాలయమున సెలవు పెట్టి పోవుదురు. వారికెదురుగా నిలుచువారో, వేకువనుండి రాత్రివరకు ఆటయే జీవితముగా గలవారు. వైద్యులు, వంటవారు, శిక్షకులు వెంట నుండగా కోట్ల ధనము నార్జించువారు. ఒకవైపు దేశమంతయు వెదకినను ఆటకు పనికివచ్చు వయస్సు గల పురుషులు కొలదివేలమందియే. మఱియొకవైపు కోట్లమందిలోనుండి ఏరి తెచ్చిన పదునొకండుగురు. ఈ రెండు జట్లకును నియమము లొకటే, సమయ మొకటే, బంతి యొకటే. గోలుల లెక్కయే వేరుగా నుండెడిది.

గోలుల సంఖ్య అంత పెరుగుటకు మఱియొక కారణము కలదు. ఒక విభాగమున రెండు జట్లు సమానముగా పాయింట్లు సంపాదించినచో, చేసిన గోలులకును పొందిన గోలులకును గల తేడాను చూచి ఎవరు ముందో నిర్ణయింతురు. కావున పెద్ద జట్లు చిన్న జట్టుతో ఆడునప్పుడు, విజయము ఖాయమైన తరువాత సహితము ఆగక గోలులు చేయుచునే యుండును. ఇది క్రూరత్వము కాదు, లెక్క. 1992 సెప్టెంబరులో నార్వే తన స్వదేశమున సాన్ మారినోపై 10 గోలులు చేసెను. మఱుసటి నెలలో సాన్ మారినో మైదానమున ఆ రెండు జట్లే మరల తలపడినప్పుడు నార్వేకు రెండు గోలులు మాత్రమే లభించెను. ఓడిన జట్టు తన తప్పులనుండి ఎంత నేర్చుకొనినదో ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలియును.

1993 మార్చి 10వ తేదీన టర్కీ జట్టు సెర్రావాల్లెకు వచ్చెను. సాన్ మారినో ఆటగాండ్రు తమ గోలుముందు గోడవలె నిలిచిరి. తొంబది నిమిషములు గడచినను టర్కీ ఒక్క గోలైనను చేయలేకపోయెను. ఆట 0-0 గా ముగిసెను. అధికారిక పోటీలలో సాన్ మారినోకు లభించిన మొదటి పాయింటు అదియే. ఇతర దేశములకు ఒక్క పాయింటు లెక్కలోనికి రాని విషయము. ఆ దేశమునకది పండుగ.

ఆ సంవత్సరమే నవంబరు 17వ తేదీన జరిగిన మఱియొక మ్యాచిని ఫుట్‌బాలు లోకము నేటికిని మఱువలేదు. ప్రత్యర్థి ఇంగ్లండు. ఆట ఇటలీలోని బొలోన్యా నగరమున జరిగెను. ప్రపంచ కప్పునకు అర్హత పొందవలెనన్నచో ఇంగ్లండు ఏడు గోలుల తేడాతో గెలువవలసియుండెను. అదేవేళ పోలండుతో ఆడుచున్న నెదర్లాండ్సు ఓడిపోవలెను. కనుక ఆట మొదలైన క్షణమునుండియే గోలులవర్షము కురిపింపవలెనని ఇంగ్లండు ఆటగాండ్రు తలచియుండిరి. ఆట మొదలయ్యెను. సాన్ మారినో ఆటగాండ్రు బంతిని ముందునకు తన్నిరి. ఇంగ్లండు రక్షకుడు స్టూవర్ట్ పియర్స్ ఆ బంతిని వెనుకనున్న తన గోలుకీపరునకు అందింపబోయెను. కాని బంతి వేగము చాలలేదు. దావిదె గ్వాల్తియేరి అను సాన్ మారినో యువకుడు మెరుపువలె నడుమ దూరి బంతిని గోలులోనికి నెట్టెను. ఆట మొదలై అప్పటికి 8.3 సెకండ్లు మాత్రమే గడచెను!

చూచినవారు తమ కన్నులను తాము నమ్మలేకపోయిరి. ఫుట్‌బాలును లోకమునకు నేర్పిన ఇంగ్లండు, లోకములోని మిక్కిలి చిన్న జట్లలో నొకదానికన్న సుమారు ఇరువది నిమిషములపాటు వెనుకబడియుండెను. ఆ తరువాత ఇంగ్లండు తేరుకొని 7 గోలులు చేసి 7-1 తో గెలిచెను. అయినను కావలసిన ఏడు గోలుల తేడా రాలేదు. అటు నెదర్లాండ్సు గెలువనే గెలిచెను. ఇంగ్లండు 1994 ప్రపంచ కప్పునకు పోలేకపోయెను. ప్రపంచ కప్పు అర్హత పోటీలలో అతి శీఘ్రమైన గోలు అను కీర్తి గ్వాల్తియేరికి దాదాపు ఇరువదిమూడేండ్లు నిలిచెను. 2016లో బెల్జియం ఆటగాడు క్రిస్టియన్ బెంటెకె 8.1 సెకండ్లలో గోలు చేయుటతో అది చెరిగెను.

1998లో జాంపావొలో మాజ్జా సాన్ మారినో జట్టునకు శిక్షకుడయ్యెను. అతడు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. పదునైదు సంవత్సరములపాటు అతడు ఆ పదవిలో నుండెను. ఓడిన శిక్షకుని మఱునాడే తొలగించు దేశము లెన్నియో కలవు. కాని సాన్ మారినోలో శిక్షకుని విలువను గెలుపులతో కొలువలేదు. అతని కాలముననే, 2001 ఏప్రిల్ 25వ తేదీన, సాన్ మారినో లాట్వియా రాజధాని రీగాలో 1-1 గా ఆట ముగించి, పరదేశమున తన మొదటి పాయింటు సంపాదించెను. ఆ ఫలితముతో లాట్వియా జట్టు శిక్షకుడు తన పదవిని విడిచిపెట్టెను. ఒక జట్టునకు ఉత్సవమైనది మఱియొక జట్టునకు అవమానమైనది.

2004 ఏప్రిల్ 28వ తేదీన సాన్ మారినోకు అంతవరకు తెలియని అనుభవము కలిగెను. ఆనాడు లీక్టెన్‌స్టైన్ జట్టు సెర్రావాల్లెలో స్నేహపూర్వకమైన మ్యాచి ఆడుటకు వచ్చెను. లీక్టెన్‌స్టైన్ సహితము చిన్న దేశమే. ఆట అయిదవ నిమిషమున ఆండీ సెల్వా ఒక గోలు చేసెను. మిగిలిన సమయమంతయు సాన్ మారినో ఆ ఒక్క గోలును కన్నులలో వత్తులు వేసికొని కాపాడుకొనెను. 1-0 తో గెలుపు! మొదటి అధికారిక మ్యాచి ఆడిన సుమారు పదమూడున్నర యేండ్లకు ఆ దేశము గెలుపు రుచి చూచెను. సాన్ మారినో పక్షమున మొత్తము 8 గోలులు చేసిన సెల్వాయే ఆ దేశ చరిత్రలో అత్యధిక గోలులు చేసిన వీరుడు.

ఇక వరుసగా గెలుపులు వచ్చునని ఆశించినవారికి నిరాశయే మిగిలెను. 2006 సెప్టెంబరు 6వ తేదీన జర్మనీ జట్టు సెర్రావాల్లెలో 13-0 తో గెలిచెను. సాన్ మారినోకు సంభవించిన ఓటములలో అదియే మిక్కిలి పెద్దది. అయినను ఆటగాండ్రు మైదానమును వదలలేదు. తరువాతి ఫిబ్రవరిలో ఐర్లండు వచ్చినప్పుడు, ఆట ముగియుటకు నాలుగైదు నిమిషములముందు మాన్యుయెల్ మరాని గోలు చేసి లెక్కను 1-1 గా సమము చేసెను. పదమూడు గోలులు పొందిన జట్టు అయిదు నెలలకే ఒక పేరుగల జట్టును నిలువరించునట్లుండెను. కాని అదనపు సమయపు తుది ఘడియలలో ఐర్లండు గోలు చేసి గట్టెక్కెను. చేతికి వచ్చిన ఫలము నేలరాలినట్లయ్యెను.

2004 నాటి గెలుపు తరువాత సాన్ మారినో వరుసగా 61 మ్యాచ్‌లలో ఓడిపోయెను. ఓటమి నొకసారి సహించుట సులభము. పదిసార్లు సహించుట కష్టము. అరువదియొక్కసారి ఓడియు మరల బూటు తాళ్లు బిగించుకొని మైదానమునకు పోవుట ఎంత కష్టమో ఊహింపదగును. లోకము నవ్వెను. పత్రికలు ఆ జట్టును ప్రపంచములోకెల్ల బలహీనమైన జట్టని వ్రాసెను. ప్రపంచ సమాఖ్య పట్టికలో దాని స్థానము అట్టడుగున నుండెను. కాని జట్టు చెదరలేదు. ఒకరు వయస్సు మీరి తప్పుకొనగా, ఆ చొక్కాను ధరించుటకు మఱియొక యువకుడు సిద్ధముగా నుండెను. తుదకు 2014 నవంబరు 15వ తేదీన ఎస్తోనియాతో ఆడిన మ్యాచి 0-0 గా ముగిసి, ఆ పరాజయ పరంపర తెగెను. ఐరోపా కప్పు అర్హత పోటీలలో సాన్ మారినోకు అదియే మొదటి పాయింటు.

2016 నవంబరులో జర్మనీ జట్టు మరల సెర్రావాల్లెకు వచ్చి 8-0 తో గెలిచెను. ఆట ముగిసిన పిదప జర్మనీ ఆటగాడు థామస్ ముల్లర్, ఇట్టి ఆటకును వృత్తిపరమైన ఫుట్‌బాలునకును సంబంధము లేదని అభిప్రాయపడెను. అతని మాటలో కొంత యథార్థము లేకపోలేదు. పెద్ద జట్ల ఆటగాండ్రకు ఏడాది పొడవున మ్యాచ్‌లే. ఫలితము ముందే తెలిసిన ఆటలో గాయపడినచో వారికి నష్టము. చిన్న దేశములన్నియు ముందు తమలో తాము ఆడుకొని, అందు గెలిచినవే పెద్దవానితో ఆడవలెనని వాదించువారును కలరు.

దీనికి సాన్ మారినో పక్షమునుండి వెంటనే సమాధానము వచ్చెను. ఒలింపిక్ సంఘమున పనిచేయు అలన్ గాస్పెరోని అనునతడు ముల్లర్‌నకు బహిరంగముగా లేఖ వ్రాసి, పది కారణములు చూపి, ఆ మ్యాచి వ్యర్థము కాదని వాదించెను. ఫుట్‌బాలు ధనవంతులైన క్రీడాకారుల సొత్తు కాదనియు, దానిని ప్రేమించు వారందరిదనియు ఆ లేఖలోని సారాంశము. ఆలోచించి చూచినచో ఈ వాదమున బలము కలదు. పెద్ద జట్టు వచ్చి ఆడిననాడు చిన్న దేశపు బాలుడు తాను బొమ్మలలో చూచిన ఆటగానిని పదియడుగుల దూరమున చూచును. తన ఊరి దుకాణమున పనిచేయు యువకుడే ఆ మహా క్రీడాకారునితో భుజము భుజము రాచుకొని పరుగెత్తుటను చూచును. మఱునాడు ఆ బాలుడు బంతి పట్టుకొని మైదానమునకు పోవును. పెద్దవానితో ఆడకుండ చిన్నవాడు పెద్దవాడగుట ఎట్లు?

అయితే రెండవ వాదమును పూర్తిగా త్రోసిపుచ్చలేదు. 2018లో ఐరోపా సమాఖ్య నేషన్స్ లీగు అను క్రొత్త పోటీని ప్రారంభించెను. ఇందు దేశములను బలమునుబట్టి ఎ, బి, సి, డి అను నాలుగు శ్రేణులుగా విభజించిరి. చిన్న జట్లు సమానమైన జట్లతో ఆడుచు, గెలిచినచో పై శ్రేణికి పోవచ్చును. ప్రపంచ కప్పు, ఐరోపా కప్పు అర్హత పోటీలలో మాత్రము పూర్వమువలెనే అందరును కలసి ఆడెదరు. సాన్ మారినోకు చివరిదైన డి శ్రేణి లభించెను. మొదటి పోటీలో ఆరు మ్యాచ్‌లలోను ఓడిపోయెను. 2020లో లీక్టెన్‌స్టైన్‌తోను, జిబ్రాల్టరుతోను 0-0 గా ఆడి రెండు పాయింట్లు సంపాదించెను. 2022లో మరల అన్నియు ఓటములే. కాని 2023 శరత్కాలమున డెన్మార్కు, కజక్‌స్తాన్, ఫిన్లండు జట్లతో వరుసగా ఆడిన మూడు మ్యాచ్‌లలోను ఒక్కొక్క గోలు చేయగలిగెను. మూడింటను ఓడినను, ఏదియో మారుచున్నదని గమనించువారు గమనించిరి.

2024 సెప్టెంబరు 5వ తేదీన లీక్టెన్‌స్టైన్ జట్టు మరల సెర్రావాల్లెకు వచ్చెను. 2004 తరువాత సాన్ మారినో ఆడిన 140 మ్యాచ్‌లలో ఒక్కదానినైనను గెలువలేదు. ఆట మొదటి భాగము గోలు లేకుండ ముగిసెను. 53వ నిమిషమున ప్రత్యర్థి రక్షకులు తడబడగా నికొ సెన్సొలి బంతిని గోలులోనికి పంపెను. అతని వయస్సు 19 ఏండ్లు. తన దేశము అంతకుముందు గెలిచిన ఆ ఒక్క మ్యాచి నాటికి అతడు పుట్టనేలేదు! ఆట 1-0 తో ముగిసెను. స్నేహపూర్వకమైన ఆటలో గాక, అధికారిక పోటీలో సాన్ మారినో గెలుచుట అదియే ప్రథమము. మైదానమున ఆటగాండ్రు ఒకరినొకరు కౌగిలించుకొనిరి. చూచుచున్న పెద్దలు కన్నీరు తుడుచుకొనిరి.

ఆ గెలుపు అదృష్టవశమున వచ్చినదని అనుటకు వీలులేకుండ మూడు నెలలలోపే మఱియొక సంఘటన జరిగెను. జిబ్రాల్టరుతో ఒక మ్యాచి 0-1 తో ఓడి, రెండవది 1-1 గా ముగించిన తరువాత, నవంబరు 18వ తేదీన సాన్ మారినో లీక్టెన్‌స్టైన్ రాజధాని వాడుజ్‌లో తన చివరి ఆట ఆడవలసి వచ్చెను. గెలిచినచో విభాగమున మొదటి స్థానము. ఆట 40వ నిమిషమున లీక్టెన్‌స్టైన్ ముందుగా గోలు చేసెను. పూర్వపు సాన్ మారినో జట్టు అంతటితో కుంగిపోయెడిది. రొబెర్తొ చెవొలి శిక్షణ పొందిన ఈ జట్టు కుంగలేదు. విరామము తరువాత ఒక నిమిషమునకే లొరెంజొ లజ్జారి గోలు చేసి లెక్క సమము చేసెను. 66వ నిమిషమున నికొల నాన్ని పెనాల్టీని గోలుగా మార్చెను. 76వ నిమిషమున అలెస్సాంద్రొ గొలినూచి మూడవ గోలు చేసెను. 3-1! పరదేశమున సాన్ మారినో సాధించిన తొలి విజయ మది. ఒకే మ్యాచిలో మూడు గోలులు చేయుటయు అదియే తొలిసారి. 7 పాయింట్లతో విభాగమున మొదటిదై, ఆ జట్టు సి శ్రేణికి ఎక్కెను.

అంతమాత్రమున సాన్ మారినో మహాబలశాలి కాలేదు. 2025 అక్టోబరులో ప్రపంచ కప్పు అర్హత పోటీలో ఆస్ట్రియా జట్టు వియన్నా నగరమున దానిని 10-0 తో ఓడించెను. ఆ దేశపు జనసంఖ్య పెరుగలేదు. కొండ పెద్దది కాలేదు. గుమాస్తాలును విద్యార్థులును ఇప్పటికిని పని ముగించుకొని సాయంకాలములందే సాధనకు పోవుచున్నారు. రాబోవు కాలమున వారు ఓడిపోవు మ్యాచ్‌లే ఎక్కువగా నుండును.

అట్లయినచో వారి ముప్పదియైదేండ్ల శ్రమకు ఫలమేమి? గెలిచినవారి పేర్లనే లోకము వ్రాసికొనును. కాని ఆట యనునది గెలిచినవారివలన మాత్రమే నడువదు. ఎదుట నిలుచువాడు లేనిచో గెలుచువాడును లేడు. తనకన్న బలవంతునిముందు తలవంపక నిలుచుటయు, ఓడినను నియమము తప్పకుండుటయు, ఓడిన మఱునాడు మరల సాధనకు పోవుటయు గొప్ప క్రీడాధర్మములు. సాన్ మారినో జట్టు ఆ ధర్మమును విడువలేదు. అందుచేతనే ఇరువదేండ్ల నిరీక్షణ తరువాత వచ్చిన ఒక్క గోలు, పెద్ద దేశములకు కప్పులు తెచ్చినంత సంతోషమును ఆ చిన్న కొండకు తెచ్చినది. ప్రతి మ్యాచికిని ముందు ఉభయపక్షముల లెక్కయు 0-0 గానే యుండును. ఆ సున్నలయందు సమానత్వమును చూడగలిగినవాడే నిజమైన ఆటగాడు.

ప్రశ్నలు

1. సాన్ మారినో దేశపు ఉనికిని, చరిత్రను క్లుప్తముగా వ్రాయుడు.

2. పెద్ద జట్లు విజయము ఖాయమైన తరువాత కూడ గోలులు చేయుచుండుటకు కారణమేమి? ఇంగ్లండుతో జరిగిన మ్యాచిని ఉదాహరణముగా తీసికొని వివరింపుడు.

3. చిన్న దేశములు పెద్ద దేశములతో ఆడవచ్చునా? ఈ విషయమున గల రెండు వాదములను తెలిపి, మీ అభిప్రాయమును వ్రాయుడు.

4. 2024లో సాన్ మారినో సాధించిన రెండు విజయములను వర్ణింపుడు.

5. ఓటమినుండి ఆటగాడు నేర్చుకొనదగిన గుణము లెవ్వి?